మగ్గం పట్టే ఇల్లు

అయిదో కిరాయి ఇల్లు ఖాళీ చేసిన రోజున మగ్గం గుంతను నా భార్యే పూడ్చింది. నేను పార అందుకోబోతే ఇవ్వలేదు. మాది కొత్తకోట. మా ఇళ్లలో నేసేది గుంట మగ్గం మీద. నేలలో మోకాళ్లు దాటే లోతున గుంత తవ్వి, దాని అంచున కూర్చుని, కాళ్లు లోపలికి వేసి కర్రలు తొక్కుతూ నేయాలి. అందుకని ఏ ఇంట్లో కిరాయికి దిగినా ముందు ఓనరును బతిమాలి గుంత తవ్వుకునేవాళ్లం. పోయేటప్పుడు దాన్ని పూడ్చి, తడిపి, దిమ్మిసతో కొట్టి, నేలను ఎప్పటిలా చేసి తాళంచెవి ఇచ్చేవాళ్లం. పదిహేడేళ్ల కాపురంలో అయిదు గుంతలయ్యాయి. ఆ అయిదోది నిండాక ఆమె మట్టి మీద నిలబడి, రెండు కాళ్లతో తొక్కుతూ అన్నది:

“ఇగ ఆరో గుంత తవ్వితే నా సొంత జాగాలనే తవ్వుత. లేకపోతే తవ్వ.”

ఆరో కిరాయి ఇంట్లో ఎలాగూ తవ్వే వీలు లేదు. అక్కడ నేలకు టైల్స్ పరిచి ఉన్నాయి. మగ్గం కర్రలను కట్టగట్టి గోడకు ఆనించాం. ఆమె రోజూ రెండు వీధుల అవతల వేరేవాళ్ల మగ్గం మీద కూలికి నేయడానికి పోయేది. తన మగ్గం మీద నేసేటప్పుడు ఏదో ఒకటి పాడుకునే మనిషి, అక్కడికి పోయి వచ్చాక అన్నం తినేటప్పుడు కూడా మాట్లాడేది కాదు.

నేను పోస్ట్‌మ్యాన్‌ని. నేత ఇంట్లోనే పుట్టినా, నా చేతికి పోగు వేసే నాడె కంటే ఉత్తరాల సంచే అచ్చొచ్చింది. తెలంగాణ వచ్చి, కొత్త జిల్లాలు అవుతాయన్న మాట మొదలైన రోజులవి. మాది హైదరాబాదు నుంచి బెంగళూరు పోయే రోడ్డు మీది ఊరు కాబట్టి ఆ మాట ఇంకా గట్టిగా వినబడేది. జొన్న చేన్లలో, పల్లీ చేన్లలో హద్దురాళ్లు తెల్లగా లేచాయి. నిన్నటిదాకా ఎరువుల దుకాణంలో కూర్చున్నవాడు, పిల్లలకు ట్యూషన్లు చెప్పినవాడు, పెండ్లిళ్లకు టెంట్లు వేసినవాడు, ఎవరిని పలకరించినా జేబులోంచి రియల్ ఎస్టేట్ కార్డు తీసి ఇచ్చేవాడు.

“మనం గూడ ఒక ఏజెంటును పెట్టుకుందామా?” అని ఆమె అడిగితే నాకు చిన్నతనమనిపించింది.

“ఏజెంటా? ఈ ఊర్ల నాకు తెల్వని ఇల్లున్నదా? పందొమ్మిదేండ్లసంది తిరుగుతున్న. ఏ గడప ఎవరిదో కండ్లు మూసుకొని జెప్త.”

“గడపలు తెలుసు నీకు,” అన్నది. “ఇండ్లు తెల్వయి.”

ఆ మాట పట్టించుకోకుండా నేనే వెతకడం మొదలుపెట్టాను. పోస్టాఫీసు వెనక వీధిలో పాత పెంకుటిల్లు ఒకటుంది. ముందు గదులకు ఎప్పుడూ తాళం, వెనక భాగంలో ఒక పెద్దాయన, ఆయన కోడలు. అంత ఇల్లు వాళ్లకెందుకు, అమ్మే ఆలోచనలోనే ఉంటారని నాకు నేనే అనుకున్నాను. ఒకరోజు రిజిస్టరు ఉత్తరం ఇచ్చి, సంతకం పెట్టించుకుంటూ, “ఇల్లు అమ్ముతున్నరా ఏంది?” అని అడిగేశాను. పెద్దాయన పెన్ను పట్టుకునే ఆగిపోయాడు.

“ఎవరన్నరు? ఇల్లమ్ముకునే గతి మాకు పట్టిందని ఎవరన్నరు నీకు?”

ఎవరూ అనలేదని నేను ఎంత చెప్పినా వినలేదు. సాయంత్రానికి ఆ మాట వీధంతా పాకింది. అప్పటిదాకా ఎండన పడి పోతుంటే “జర నీళ్లు తాగి పో” అనే ఆ ఇంటి కోడలు, ఆ ఎండాకాలమంతా ఉత్తరం కిటికీలోంచి అందుకుని రెక్క వేసేసేది. 

రెండో ఇల్లు అలా కాదు. వాళ్లే అమ్ముతామన్నారు. అన్నదమ్ములిద్దరు, ఇద్దరూ నాకు బడి నాటి నుంచి తెలిసినవాళ్లే. మట్టి నేల, మంచి గాలి. నా భార్య కూడా చూసి తల ఊపింది. బయానా ఇవ్వడానికి మంచిరోజు చూసుకున్నాం. పోయి చాప మీద కూర్చున్నాం, చాయ్ కూడా వచ్చింది. అప్పుడు వాళ్ల ఫోను మోగింది. బొంబాయిలో మేస్త్రీ పని చేసే మూడో తమ్ముడు. నా వాటా సంగతి తేల్చకుండా ఇల్లెట్ల అమ్ముతారని అక్కడి నుంచి అరుస్తుంటే చాప మీద కూర్చున్న మాకు కూడా వినబడింది. మేం చాయ్ తాగి లేచి వచ్చాం.

దారిలో నా భార్య అడిగింది: “గా మూడో ఆయన ఉన్నడని నీకు తెల్వదా?”

తెలుసు. తెలియకపోవడమేమిటి. ఆయన బొంబాయి నుంచి పంపిన మనియార్డర్లు వాళ్ల అమ్మ చేతిలో పెట్టింది నేనే. ఆ తర్వాత ఆయన తరఫు వకీలు పంపిన నోటీసులు అన్నల చేత సంతకం చేయించుకుని ఇచ్చిందీ నేనే. కవరు మీది పేరు చదవడం తప్ప నాకు ఇంకో ధ్యాస ఉండేది కాదు. ఈ సంగతి చెప్పగానే ఆమె రోడ్డు మీదే నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. కూలి మగ్గానికి పోవడం మొదలైన తర్వాత ఆమె అంతగా నవ్వడం అదే మొదటిసారి. అందుకే నాకు కోపం రాలేదు.

“సరే,” అన్నాను. “ఏజెంటును సూద్దాం.”

ఇక ఎవరిని పెట్టుకోవాలన్నది ప్రశ్న. మొదట హైవే పక్కన కొత్తగా తెరిచిన పెద్ద ఆఫీసుకు పోయాం. అద్దాల తలుపు, చల్లటి గాలి, కూర్చుంటే లోపలికి దిగిపోయే సోఫా. గోడంతా రంగు రంగుల ప్లాట్ల బొమ్మ. ఇస్త్రీ నలగని చొక్కా వేసుకున్న యువకుడొకడు ఇన్వెస్ట్‌మెంట్ అంటాడు, అయిదేండ్లల్ల డబులంటాడు. నా భార్య అంతా ఓపికగా విని, “ఇంట్ల గుంత తవ్వుకోవచ్చా?” అని అడిగింది.

అతను ఒక్క క్షణం ఆలోచించాడు. “స్విమ్మింగ్ పూలా, మేడం?”

బయటికి వచ్చాక మేం ఒకరి మొహం ఒకరం చూసుకోలేకపోయాం. బస్టాండు దాకా నవ్వుతూనే నడిచాం.

తర్వాత మా తమ్ముడు. నా సొంత తమ్ముడు కాదు, చిన్నాయన కొడుకు. సెల్‌ఫోన్ల దుకాణం నడిపేవాడు, దాన్ని భార్యకు అప్పజెప్పి రియల్ ఎస్టేట్‌లో దిగాడు. మేం పిలవకముందే మోటార్ సైకిల్ మీద వచ్చేశాడు. “మన ఇంట్ల మనిషిని పెట్టుకొని ఇంకో దిక్కు జూస్తరా అన్నా? నాకిడిసిపెట్టు. పక్కా ఇల్లు సూపిస్త,” అన్నాడు. చూపించాడు కూడా. మూడో అంతస్తులో ఒక ఫ్లాటు.

నా భార్య అడిగింది: “ఈడ గుంత తవ్వితే కిందింటోళ్ల వంటింట్లకు పోత గదా మరిదీ?”

“గుంట మగ్గమెందుకు వదినా, స్టాండు మగ్గం పెట్టుకో. కుర్చీల కూసున్నట్టు కూసుంటవు. జమాన మారింది.”

ఇరవై ఏళ్లుగా ఆమె కాళ్లకు, నడుముకు అలవాటైన కూర్చోవడాన్ని వాడు ఒక్క మాటతో మార్చేయబోయాడు. చెడ్డవాడు కాదు, మాకోసమే తిరిగాడు. కానీ వాడు ఇల్లు చూపిస్తున్నంతసేపూ వాడి చూపు ఫోను మీదే ఉంది. “కొన్ని రోజులాగి సూద్దాం” అని మేం మెల్లగా తప్పించుకున్నాం. వాడికి అర్థమైంది. ఆ దసరాకు జమ్మి ఆకు పెట్టడానికి మా ఇంటికి రాలేదు.

మూడో మనిషిని నా భార్యే కనిపెట్టింది. ఆమె కూలికి పోయే దారిలో, సంత జాగా మూలకున్న చాయ్ హోటల్ ముందర ఒక బెంచీ ఉండేది. దాని మీద పొద్దున నుంచి మధ్యాహ్నం దాకా ఒక ముసలాయన కూర్చునేవాడు. తెల్ల లాల్చీ, మెడలో గళ్ల రుమాలు. వాళ్లది తరతరాలుగా దూది ఏకే ఇల్లు. ఈయన మాత్రం వయసులో కిరాయి సైకిళ్ల దుకాణం పెట్టాడు. సైకిలు కిరాయికి తీసుకున్నవాడు ఎక్కడ ఉంటాడో తెలియాలి కాబట్టి ఊరంతా తెలిసింది. సైకిళ్లు పోయాక ఇళ్లు చూపించడం పనిగా పెట్టుకున్నాడు. బోర్డు లేదు, కార్డు లేదు. ఊళ్లో అందరూ ఆయన్ను బాబాయ్ అన్నట్టుగా చిచ్చా అనేవారు. నేనూ రోజూ ఆయన ముందు నుంచే సైకిలు తొక్కుకుంటూ పోయేవాణ్ణి, ఏజెంటని ఎప్పుడూ అనుకోలేదు.

నా భార్య ఆయన ముందు ఆగి, అందరినీ అడిగిన మాటే అడిగింది: “చిచ్చా, గుంత తవ్వుకునే ఇల్లు దొరుకుతదా?”

ఆయన దొరుకుతుందని అనలేదు, దొరకదని అనలేదు. “ఎంత లోతు బిడ్డా?” అన్నాడు. ఆమె చేత్తో చూపించింది. “వెల్తురు ఏ చేయి దిక్కుకెల్లి రావాలె నీకు? రోడ్డు ధూళి పడితే పట్టు పోగు పాడయితదా? సప్పుడుకు పక్కింటోళ్లు లొల్లి జేస్తరా?” అని వరసగా అడిగాడు. ఆమె ఇంటికి వచ్చి నాతో అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది.

“ఇన్ని రోజులల్ల నన్నెవ్వరన్న ఏమన్న అడిగిండ్రా? అందరు చెప్పుడే గదా. గీయన అడిగిండు.”

మరునాడు చిచ్చా మా ఇంటికి వచ్చాడు. గోడకు ఆనించి ఉన్న మగ్గం కర్రలను చూసి, ఒకసారి నేల మీద పరిచి చూపించమన్నాడు. పరిచాం. ఆమె దగ్గర ఒక నూలు పోగు అడిగి తీసుకుని, మగ్గం పొడవు, వెడల్పు, గుంత లోతు కొలిచి మూడు చోట్ల ముడులు వేశాడు. దాన్ని చుట్టి లాల్చీ జేబులో పెట్టుకున్నాడు. లేచేముందు కమీషను సంగతి ఆయనే ఎత్తాడు.

“నేను ఒక్క దిక్కే తీసుకుంట. మీ దిక్కు తీసుకుంటే అమ్మేటోని తాన ముట్ట. రెండు దిక్కుల తింటే నాలుక రెండయితది.”

అప్పటి నుంచి ఆరేడు నెలలు ఆయనతో తిరిగాం. ఆదివారాలు నేను సైకిలు నడిపిస్తూ పక్కన నడిచేవాణ్ణి, ఆయన చేతులు వెనక్కి కట్టుకుని నడిచేవాడు, వెనకాల నా భార్య. ఇంటి ముందుకు రాగానే ఆయన లోపలికి పోయేవాడు కాదు. ముందు ఎదురింటివాళ్లతో మాట్లాడేవాడు. వానల సంగతి, బోరు నీళ్ల సంగతి, పిల్లల చదువుల సంగతి. ఆ మాటల్లోనే ఆ ఇంట్లో ఎంతమందికి వాటా ఉందో, మురికి కాలువ ఎటు పొంగుతుందో, ఎందుకు అమ్ముతున్నారో అన్నీ బయటికి వచ్చేవి. ఆ తర్వాత లోపలికి పోయి ఆ ముడుల పోగు నేల మీద పరిచి చూసేవాడు. సగం ఇళ్లను మేం కాదనకముందే ఆయనే కాదనేవాడు.

ఒక ఇల్లు మాత్రం మాకు విపరీతంగా నచ్చింది. చెరువు వైపు పోయే బాటలో, వేపచెట్టు నీడ, ఎడమ చేతి వైపు పెద్ద కిటికీ. నా భార్య ఆ కిటికీ దగ్గర నేల మీద కూర్చుని, లేని మగ్గం మీద చేతులు ఆడించి చూసుకుంది. అది చూసి నేను బయానా ఇచ్చేద్దామన్నాను. చిచ్చా గోడకు అరచేయి ఆనించి కొంచెంసేపు అలాగే నిలబడ్డాడు.

“వానలు పడ్డంక సూద్దాం,” అన్నాడు.

“అప్పటిదాంక ఎవరన్న కొనుక్కుంటే?”

“కొనుక్కుంటే ఆని తలరాత తమ్మీ.”

నేను అలిగాను. వారం రోజులు ఆ చాయ్ హోటలు ముందు నుంచి పోకుండా చుట్టు తిరిగి పోయాను. శ్రావణంలో రెండు రోజులు ముసురు పట్టింది. మూడో రోజు ఆయనే గొడుగు వేసుకుని వచ్చి మమ్మల్ని ఆ ఇంటికి తీసుకుపోయాడు. ఇంటి యజమానిని అడిగి పెరట్లో గడ్డపారతో జానెడు తవ్వాడు. చూస్తుండగానే ఆ గుంటలో నీళ్లు ఊరాయి. ఆయన నా వైపు తిరగలేదు, నా భార్యతో అన్నాడు: “గీడ తవ్వుకుంటే నువ్వు మగ్గం నెయ్యవు బిడ్డా, చేపలు పడుతవు.” 

ఆ ఇల్లు మేం కొని ఉంటే ఆయన కమీషను ఆయనకు వచ్చేది. ఆ సంగతి నాకు ఇంటికి వచ్చి తల తుడుచుకుంటున్నప్పుడు తట్టింది.

ఆ తర్వాత ఉన్నట్టుండి చిచ్చా కనిపించడం మానేశాడు. బెంచీ ఖాళీ. రెండు వారాలైంది. ఎక్కడో ఎదురుపడిన మా తమ్ముడు, “ముసలాయన మిమ్ముల నడుమిట్ల ఇడిసిపెట్టిండా? ఎక్కువిచ్చేటోడు దొరికి ఉంటడు తియ్యి,” అన్నాడు. నేను కాదనలేదు. లోపల నాకూ అలాంటి అనుమానమే వచ్చింది. నా భార్య మాత్రం, “జరమొచ్చిందేమో. పోయి సూసి రారాదు?” అన్నది.

నేను పోకముందే ఆయన వచ్చాడు. ఇంట్లోకి రమ్మంటే రాలేదు, గడప దగ్గరే నిలబడ్డాడు. ఆయన అలా మాటలు వెతుక్కోవడం నేనెప్పుడూ చూడలేదు.

“ఒక ఇల్లున్నది. మీకు సరిగ్గ సరిపోతది. గని దానికి నేను ఏజెంటును గాను.”

“ఎందుకు గావు?”

“అది మా అక్కది.”

వాళ్ల అక్క భర్త ఊళ్లో పేరున్న దూదేకుల మనిషి. పరుపులు, బొంతలు కుట్టేవాడు. ఆయన పోయి చాలా ఏళ్లైంది. అక్కకు మోకాళ్లు పట్టేసి ఒంటరిగా ఉండటం కష్టమై, మహబూబ్‌నగర్‌లో ఉన్న పెద్దబిడ్డ దగ్గరికి పోవాలని నిర్ణయించుకుంది. ఆ సంగతి తెలిసిన రోజు నుంచి చిచ్చాకు నిద్ర లేదు. మా దిక్కు మాట్లాడతానని మాట ఇచ్చాడు, అక్కడ తోడబుట్టింది. రెండు వారాలు ఆ బాధతోనే బెంచీకి రాలేదట.

“ఇగ ఈ ఇంటి సంగతిల నేను అక్క దిక్కు కూసుంట. మీ దిక్కు మాట్లాడేటోన్ని మీరు తెచ్చుకోండ్రి. నా మీద నమ్మకంతోని ఒట్టిగ రాకుండ్రి.”

ముందు ఇల్లు చూద్దామని పోయాం. చిచ్చా అక్క, మాకు పెద్దమ్మ, మంచం మీద కూర్చుని ఉంది. బక్కగా, చురుగ్గా, చెవులకు వెండి పోగులతో. వీధి గది దాటితే పొడుగ్గా ఒక సావడి. దూది ఏకే విల్లు కట్టడానికి, పరుపులు పరిచి కుట్టడానికి అంత పొడుగు కట్టించాడట ఆయన. మట్టి నేల, గట్టిగా, పొడిగా ఉంది. ఎడమ వైపు వరసగా మూడు కిటికీలు. దూలాల సందుల్లో ఎప్పటిదో దూది ఇంకా తెల్లగా పట్టుకుని ఉంది. చిచ్చా అలవాటుగా జేబులో చేయి పెట్టి పోగు తీయబోయాడు. నా భార్య అప్పటికే సావడి నడుమ కూర్చుని ఉంది.

“ఏం నేస్తవు బిడ్డా?” అని పెద్దమ్మ మంచం మీది నుంచే అడిగింది.

“నూలు చీరకు పట్టంచు, పెద్దమ్మా.”

“మా ఆయన ఏకుతుంటే ఇల్లంత టంగు టంగు అనేది. పక్కూరోళ్లు గూడ సప్పుడు విని వచ్చేటోళ్లు. ఆయన పోయినంక ఈ ఇంట్ల పని సప్పుడు లేదు. గోడలు జూసుకుంట కూసుంటే తల తిరుగుతది నాకు.”

ఇంటికి వచ్చాక మేం ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం. ఇల్లు ఏదో తేలిపోయింది. ఇప్పుడు మళ్లీ మొదటికి వచ్చాం, ఏజెంటు ఎవరు? ఆమె నా వైపు చూసింది. ఆ చూపు నాకు అర్థమైంది. చెప్పులు వేసుకుని తమ్ముడి దుకాణానికి పోయాను.

ఆ పూట దుకాణంలో భార్యకు బదులు వాడే ఉన్నాడు, నన్ను చాలాసేపు నిలబెట్టాడు. ఎవరిదో ఫోనుకు అద్దం అతికిస్తూ, “ఏంది అన్నా, దారి తప్పినవా?” అన్నాడు. సంగతంతా చెప్పాను. నిన్ను కాదని ఎవరిని పెట్టుకున్నామో ఆయన ఎదుటి దిక్కు కూర్చున్నాడని, ఆయన ముందు మాట్లాడటానికి మాకు నువ్వు కావాలని. వాడు అద్దం కింద పెట్టాడు. మొహంలో అలక ఇంకా ఉంది గానీ, కళ్లలో వేరే వెలుగు వచ్చింది.

“చిచ్చాతోనా? చిచ్చా ముంగట కూసొని నేను మాట్లాడాల్నా?”

“ఆఁ. నువ్వే.”

“కాయిదాల జిరాక్సులు ముందుగాల నాకు తెప్పియ్యి,” అన్నాడు.

మాటల రోజు వచ్చింది. సావడిలో చాప పరిచారు. ఒక దిక్కు చిచ్చా, పెద్దమ్మ. ఇంకో దిక్కు మా తమ్ముడు, మేం. వాడు ఆ రోజు తన ఫోనును “వదినకియ్యి” అని నాకు ఇచ్చాడు, నేను తీసుకుపోయి నా భార్య చేతిలో పెట్టాను. ధర మాట ఎత్తకుండానే వాడు జిరాక్సులు తీసి చాప మీద పరిచాడు.

“చిచ్చా, తప్పుగ అనుకోకు. ఇల్లు ఇంక పెద్దనాయిన పేరు మీదనే ఉన్నది. ఆయన పోయినంక పెద్దమ్మ పేరు మీదికి, పిల్లల పేరు మీదికి మార్వలేదు. ఇప్పుడు పెద్దమ్మ ఒక్కామె సంతకం పెడితే మా అన్నకు ఇల్లు రాదు. రేపటికి లొల్లయితది.”

చిచ్చా కాగితం దగ్గరికి తీసుకుని, దూరం పెట్టుకుని, మళ్లీ దగ్గరికి తీసుకుని చదివాడు. ఎవరి ఇల్లు చూపించినా వాటాలు, కాగితాలు తేల్చుకునే మనిషి, సొంత అక్క ఇంటి కాగితం ఎన్నడూ విప్పి చూసుకోలేదు. ఆయన మొహం ఎర్రబడింది. కోపమేమో అనుకున్నాను.

“ఊరందరి కాయిదాలు సూసిన,” అన్నాడు చివరికి. “మా అక్క పెట్టెల కాయిదం సూడలే. శభాష్ రా బేటా!” అని లేచి, చాప దాటి వచ్చి, మా తమ్ముడి భుజం మీద ఎంత గట్టిగా చరిచాడంటే వాడు చేతిలోని చాయ్ సగం ఒలకబోసుకున్నాడు. మనసులో నేను ఆ బొంబాయి తమ్ముడిని, వకీలు నోటీసులను తలుచుకున్నాను. చిచ్చాకు కూడా ఇలా జరుగుతుందని తెలిసి నాకు ఎంత ఊరటగా అనిపించిందో ఎవరికీ చెప్పలేదు.

ధర మాట ఆ తర్వాత తేలిగ్గానే తెగింది. చిచ్చా, తమ్ముడు ఒకరినొకరు మర్యాదగా గుంజుకుంటుంటే, పెద్దమ్మ విసుగొచ్చి నా భార్యను పక్కకు పిలిచి తన మాట చెప్పేసింది. ఇద్దరు ఏజెంట్లూ ఇంకా వాదించుకుంటుండగానే ఆడవాళ్లిద్దరూ ఒప్పుకుని వచ్చారు.

కాగితాలు సరి కావడానికి మాత్రం నాలుగు నెలలు పట్టింది. పెద్దమ్మ ఇద్దరు బిడ్డలూ, కొడుకూ వచ్చి సంతకాలు పెట్టాలి. అందులో కొడుకు పుణెలో లారీ నడుపుతాడు, ఇవాళ వస్తానంటే వచ్చే వారానికి వస్తాడు. ఆ మధ్యలో ఒక సాయంత్రం పెద్దమ్మ మా ఇంటికి కబురు చేసింది, మగ్గం తెచ్చి పెట్టుకొమ్మని.

చిచ్చా ఒప్పుకోలేదు. “రిజిస్ట్రేషను గాకముందు గుంత తవ్వద్దు. రేపటికి మాట తేడా వస్తే మీ కష్టం మట్టిల గలుస్తది,” అని మాకే చెప్పాడు. అక్క దిక్కు కూర్చున్నానన్న సంగతి మరిచిపోయాడు. తమ్ముడు కూడా ఆయన మాటకే తల ఊపాడు.

“మీ ఇద్దరి ఏజెంటుతనం బయట వెట్టుకోండ్రి,” అన్నది పెద్దమ్మ. “ఇది ఇయ్యాల్టికి నా ఇల్లు. నా ఇంట్ల నేను తవ్విపిస్తున్న. కిరాయి గిట్ట ఏమొద్దు. నాకు సప్పుడు గావాలె.”

గుంతను నేనూ తమ్ముడూ కలిసి తవ్వాం. చిచ్చా పక్కన నిలబడి, లోతు చాలలేదని, అంచు వంకర పోయిందని రోజంతా సతాయించాడు. అడుగున చారెడు మట్టి తీసి పిడికిట్లో నలిపి, పొడిగా ఉందని నా భార్యకు చూపించాడు. మూడో రోజున మగ్గం నిలబడింది. ఆ నాలుగు నెలలు ఆమె పొద్దున్నే పోయి అక్కడ నేసేది, పెద్దమ్మ మంచం కిటికీ దగ్గరికి జరిపించుకుని చూసేది. ఒకామె నేస్తూ పాడేది, ఇంకొకామె పాట తప్పు పాడుతున్నావని దిద్దేది. నేను ఉత్తరాలు పంచుకుంటూ ఆ వీధికి వచ్చినప్పుడు బయటికే వినిపించేవాళ్లు ఇద్దరూ. ఒక్కోసారి ఉత్తరం లేకున్నా ఆ వీధిలోకి తిరిగేవాణ్ణి.

రిజిస్ట్రేషను రోజున పెద్దమ్మ వేలిముద్ర వేసి, రుమాలుతో వేలు తుడుచుకుని, నా భార్య గడ్డం పట్టుకుంది. రెండు రోజుల తర్వాత బిడ్డతో కారెక్కి మహబూబ్‌నగర్ పోయింది. పోయేటప్పుడు ఆ మంచం మాత్రం కిటికీ దగ్గరే వదిలేసింది, తాను వచ్చినప్పుడు కూర్చోవడానికి ఉండాలని. వచ్చేది కూడా, ఏడాదికి రెండుసార్లు, బిడ్డ వద్దంటున్నా.

చిచ్చా మా దగ్గర కమీషను ముట్టలేదు. ఆ ఆరేడు నెలల తిరుగుడుకైనా ఏదైనా తీసుకొమ్మంటే, “మీకు ఇల్లు నేనిప్పియ్యలే గదా, మీ తమ్ముడు ఇప్పిచ్చిండు,” అన్నాడు. తమ్ముడు తీసుకున్నాడు, పద్ధతిగా, తన చేతికి కాకుండా వాళ్ల ఆవిడ చేతికి ఇవ్వమన్నాడు. ఆ ఏడు దసరాకు జమ్మి ఆకు పట్టుకుని అందరికంటే ముందు మా ఇంటికే వచ్చాడు. వాడు అప్పటికే చాయ్ హోటల్ బెంచీ మీద చిచ్చా పక్కన కూర్చోవడం మొదలుపెట్టాడు. ఒకరికి ఫోను తెలుసు, ఇంకొకరికి ఊరు తెలుసు.

ఇప్పుడు నా సర్వీసు అయిపోయింది. ఊళ్లో ఎవరికైనా ఇల్లు కావాలంటే, ఇంటింటికీ తిరిగినవాణ్ణి కదా అని నన్ను అడుగుతారు. నేను అంతా నాకు తెలుసని అనను. ఆ బెంచీ దగ్గరికి తీసుకుపోతాను. మొన్న ఆ మధ్య కొత్తగా బదిలీ మీద వచ్చిన టీచరమ్మను, ఆమె భర్తను అలాగే తీసుకుపోయాను. చిచ్చాకు చెవులు బాగా తగ్గాయి. వాళ్లు చెప్పేది మా తమ్ముడు ఆయన చెవి దగ్గర పెట్టి గట్టిగా చెప్తున్నాడు. ఎన్ని గదులు కావాలో, ఏ వీధి కావాలో వాళ్లు రాసుకుని వచ్చిన కాగితం తీశారు. చిచ్చా దాన్ని చూడలేదు.

“మీ ఇంట్ల పొద్దుగాల ముందు లేసేది ఎవరు బిడ్డా?” అని అడిగాడు.

ఆ భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ తర్వాత టీచరమ్మ బెంచీ మీద చిచ్చా పక్కన కూర్చుని, తామెలా బతుకుతారో మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది.